సందూకు నుండి జిప్పు సంచి దాకా: మన వారి విమాన ప్రయాణాల చరిత్ర

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



ప్రతి సంవత్సరం మన సావనీరులో మసీదుల చరిత్ర, దర్గాల చరిత్ర, మహనీయుల జీవితాలు చదువుతూ ఉంటాము. అవి చదవవలసినవే. అయితే ఈసారి పెద్దల అనుమతితో ఒక చిన్న వస్తువు చరిత్ర వ్రాయ సంకల్పించినాను. ఆ వస్తువు మన అందరి ఇండ్లలో అటక మీదనో, మంచం కిందనో పడి ఉంటుంది. దాని జిప్పు సగం పని చేయదు. పక్కన విమాన కంపెనీ వారు అంటించిన చీటీ ఇంకా వేలాడుతూ ఉంటుంది. అదే విమాన ప్రయాణపు సంచి. ఇంగ్లీషు వారు డఫెల్ బ్యాగు అన్నారు, మనవాళ్లు బ్యాగు అనీ, కిట్టు అనీ, జిప్పు సంచి అనీ అన్నారు.

"సంచికి కూడా చరిత్ర ఉంటదా?" అని మీరు నవ్వవచ్చును. కాని ఒక్క మాట ఆలోచించండి. మన గోపన్‌పల్లి చుట్టుపక్కల ముస్లిం కుటుంబాలలో గత యాభై ఏండ్లలో కట్టిన ఇల్లు, చేసిన పెండ్లి, తీర్చిన అప్పు, నెరవేరిన హజ్ - వీటిలో ఎన్నిటి వెనుక ఒక సంచి ఉన్నదో లెక్క వేసి చూడండి. మనవాళ్ల కష్టసుఖాలు ఆ సంచిలోనే పోయినవి, ఆ సంచిలోనే వచ్చినవి.

లింగంపల్లి మీదుగా బొంబాయి

మన ఊరికి దగ్గరలోనే లింగంపల్లి రైలు స్టేషను ఉన్నది. వాడి నుండి సికింద్రాబాదు దాకా ఆ రైలు మార్గం 1874లో తెరిచినారు. అప్పటి నుండి హైదరాబాదు వారికి బొంబాయి దారి అదే. బొంబాయి దారి అంటే మక్కా దారి కూడాను. ఎందుకనగా ఆ రోజులలో హజ్‌కు పోవువారు బొంబాయి రేవులో ఓడ ఎక్కి జిద్దాలో దిగేవారు.

నాంపల్లిలో బయలుదేరిన రైలు బేగంపేట దాటి, లింగంపల్లి మీదుగా, వికారాబాదు, తాండూరు, వాడి వైపు సాగిపోతుంది. మన ప్రాంతం నుండి పోవు హాజీలు ముందు నగరానికి పోయి రైలెక్కితే, ఆ రైలు తిరిగి వారి సొంత పొలాల పక్క నుండే పోయేది! కిటికీలో నుండి చూస్తూ దుఆ చేసుకుంటూ పోయేవారు.

ఆ ప్రయాణం సామాను వేరు. ఓడలో వారం పది రోజులు పట్టేది. అక్కడ నెలల తరబడి ఉండవలసి వచ్చేది. కాబట్టి బియ్యం, పప్పు, అచారు, వంట గిన్నెలు, పరుపు చుట్ట అన్నీ కావాలి. ఇవన్నీ పెట్టడానికి ఇనుప సందూకు. దాని మీద తెల్ల రంగుతో పేరు, తండ్రి పేరు, ఊరు వ్రాయించేవారు. సందూకు అడుగున ఒక తెల్లని గుడ్డ మడత పెట్టుకునేవారు. అది కఫన్. దానిని జమ్‌జమ్ నీటిలో తడిపి తెచ్చుకోవాలనీ, ఒకవేళ అక్కడే మౌత్ వస్తే అదే కప్పాలనీ వారి కోరిక. బయలుదేరే ముందు అప్పులు తీర్చి, ఇరుగుపొరుగును క్షమాపణ అడిగి, వసీయత్ చెప్పి పోయేవారు. తిరిగి వస్తామో రామో అన్న భయం ఆ పెట్టెలోనే ఉండేది.

బొంబాయిలో క్రాఫర్డ్ మార్కెట్టు దగ్గర సాబూ సిద్దీక్ ముసాఫిర్‌ఖానాలో దిగి ఓడ కొరకు కాచుకునేవారు. మొఘల్ లైన్ కంపెనీ ఓడలు తరతరాల హాజీలను మోసినవి. ఆ కంపెనీ 1877లో బొంబాయిలో వేరే పేరుతో పుట్టినది. 1959లో మన రిజర్వు బ్యాంకు వారు హజ్‌కు పోయేవారి కోసమే ప్రత్యేకమైన పది రూపాయలు, నూరు రూపాయల నోట్లు అచ్చు వేసినారు. ఆ సంవత్సరమే కొత్త హజ్ కమిటీ చట్టం కూడా వచ్చినది. ఇంకొక విశేషం. ఆ కాలంలో కువైటు మొదలైన గల్ఫ్ దేశాల బజారులో మన రూపాయే చెల్లేది. 1961లో కువైటు తన దీనారు తెచ్చుకున్నది. తక్కినవాటిలో చాలావరకు 1966 ప్రాంతంలో మన రూపాయిని విడిచినవి. అంటే మనవాళ్లు అక్కడికి కూలికి పోక ముందే మన డబ్బు అక్కడికి పోయి ఉన్నది!

బేగంపేట ఆకాశం

మన హైదరాబాదుకు విమానం కొత్త కాదు. నిజాం స్టేట్ రైల్వే వారు రైళ్లతో పాటు 1932 నుండి బస్సులు కూడా నడిపినారు. ఆ తరువాత విమానాల సంగతి కూడా వారే చూసుకున్నారు. బేగంపేట విమానాశ్రయం 1930 దశకంలోనే వెలిసినది. 1945లో నిజాం ప్రభుత్వమూ, టాటా వారూ కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ స్థాపించినారు. ఆ మరుసటి సంవత్సరం దాని డకోటా విమానాలు ఎగరసాగినవి. 1953లో దేశంలోని విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు, తక్కినవాటితో పాటు డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది.

కాని ఆ విమానాలు ఎవరివి? నవాబులవి, అధికారులవి, పెద్ద వ్యాపారులవి. గోపన్‌పల్లి రైతు ఎద్దులను ఆపి, చేయి నొసటికి అడ్డం పెట్టుకొని పైకి చూసేవాడు. అంతే! విమానం ఎక్కువాడు తోలు సూట్‌కేసు పట్టుకునేవాడు. దానిని మోయడానికి వేరే మనిషి ఉండేవాడు. సంచి పట్టుకొని విమానం ఎక్కవచ్చునని ఆనాడు ఎవరూ అనుకోలేదు.

సంచికి ఆ పేరు ఎలా వచ్చినది

బెల్జియం దేశంలో ఆంట్‌వర్ప్ నగరం దగ్గర డఫెల్ అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడ పూర్వం దళసరి ఉన్ని గుడ్డ నేసేవారు. ఆ గుడ్డకు ఊరి పేరే వచ్చింది. గుడ్డ పేరు తరువాత సంచికి వచ్చింది. ఓడ నావికులు, సైనికులు తమ బట్టలన్నీ ఒక పొడుగాటి గుండ్రటి సంచిలో కూరి, పైన తాడు బిగించి, భుజాన వేసుకొని పోయేవారు. రెండు ప్రపంచ యుద్ధాలలో ఈ సంచి దేశదేశాలు తిరిగింది. యుద్ధం అయిన తరువాత విద్యార్థులు, ఆటగాళ్లు, కూలివాళ్లు దానిని పట్టుకున్నారు.

ఒక విషయం గమనించండి. ఈ సంచి పుట్టుకతోనే ఇల్లు విడిచి పోయేవాడి సంచి. నేత పనివాడి గుడ్డ, నావికుడి భుజం, సిపాయి బారకాసు - ఇవీ దాని ఖాందాను. కాబట్టి అది మన మేస్త్రీ, మన డ్రైవరు, మన దర్జీ భుజానికి వచ్చి చేరడంలో ఆశ్చర్యం ఏమున్నది?

బరువు లెక్క

సందూకు పోయి సంచి రావడానికి అసలు కారణం బరువు. ఓడకు బరువు లెక్క లేదు. విమానానికి ప్రతి కిలో లెక్కే. ప్రతి కిలోకూ ఇంధనం కాలుతుంది. అందువలన అంతర్జాతీయ విమాన కంపెనీలు చాలా కాలం సామాన్య తరగతి వారికి 20 కిలోలు, మొదటి తరగతి వారికి 30 కిలోలు మాత్రమే ఉచితంగా మోసేవి. 1970 దశకంలో అమెరికా మార్గాలలో కిలోలకు బదులు "ఇన్ని పెట్టెలు" అనే పద్ధతి వచ్చినది. గల్ఫ్ దారిలో ఎక్కువగా కిలోల లెక్కే నిలిచినది.

ఇరవై కిలోలలో ఇనుప సందూకే సగం తినేస్తే ఇంక లోపల ఏమి పెట్టాలి? గుడ్డ సంచి అయితే కిలో, రెండు కిలోలు. మిగిలినదంతా సామానే. అదిగాక సంచి ధర తక్కువ. ఖాళీ అయినప్పుడు మడిచి దిండు కింద పెట్టుకోవచ్చును. పది మంది పడుకునే క్యాంపు గదిలో సూట్‌కేసుకు చోటు ఎక్కడిది? ఇదే అసలు సంగతి. చక్రాల సూట్‌కేసుకు అమెరికాలో 1972లోనే పేటెంటు వచ్చినది. 1987లో ఒక పైలట్ నిలువుగా లాగే పెట్టె తయారు చేసినాడు. అయినా మన కూలివానికి ఆ చక్రాలు చేరడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది. అంతదాకా అతని భుజమే చక్రం.

గల్ఫ్ సంచి

1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగినది. ఎడారి దేశాలలో రోడ్లు, రేవులు, భవనాలు లేచినవి. వాటికి మనుషులు కావలసి వచ్చినారు. హైదరాబాదు పాత నగరం నుండి, కరీంనగర్, నిజామాబాదు పల్లెల నుండి, కడప జిల్లా నుండి జనం కదిలినారు. హిందువులు, ముస్లిములు అనే తేడా లేదు. ఒకే సంచి, ఒకే క్యూ.

మొదట్లో హైదరాబాదు నుండి గల్ఫ్‌కు పోవాలంటే బొంబాయి పోవలసిందే. హాజీలు పోయిన అదే రైలు, అదే లింగంపల్లి దారి. ఏజెంటు చెప్పిన లాడ్జిలో రోజుల తరబడి పడిగాపులు. వీసా నిజమో అబద్ధమో తెలియదు. ఆడవాళ్ల మెడలో నగలు అమ్మి కట్టిన డబ్బు. ఈ మోసాలను అరికట్టడానికే 1922 నాటి పాత చట్టాన్ని తీసివేసి 1983లో కొత్త ఎమిగ్రేషన్ చట్టం చేసినారు. పదవ తరగతి పాసు కానివారు గల్ఫ్ వంటి దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ వారి అనుమతి తీసుకోవాలి. చదువు లేని మనిషిని కాపాడుటకు పెట్టిన నియమం ఇది. కాని దానిని తప్పించుకొని విజిట్ వీసా మీద పోయి చిక్కుకున్నవారు ఎందరో ఉన్నారు.

బయలుదేరే రోజున ఇల్లంతా సంచి చుట్టూ కూర్చునేది. అమ్మీ అచారు సీసా గుడ్డలో చుట్టేది. చెల్లెలు చింతపండు పొట్లం పెట్టేది. కొత్త లుంగీలు, జానమాజ్, మందుల డబ్బా, ఒక ఖురాన్ షరీఫ్. తూకం కాటా దొరకకపోతే కిరాణా కొట్టుకు తీసుకుపోయి తూచేవారు. బరువు ఎక్కువైతే ఏది తీసెయ్యాలి? అచారు తీస్తే అమ్మీ ఏడుస్తుంది. చెప్పులు తీస్తే నడవడం ఎట్లా? చివరకు రెండు చొక్కాలు తొడుక్కొని పోయేవాళ్లు! తరువాత కుడి భుజానికి ఇమాం జామిన్ కట్టి, ఖురాన్ కింద నుండి నడిపించి సాగనంపేవారు. ఒక్కడు పోతుంటే ఇరవై మంది బేగంపేటకు వచ్చేవారు. పూలదండ వేసుకొని, కళ్లనిండా నీళ్లతో, భుజాన సంచితో లోపలికి పోయే యువకుడిని అద్దాల ఇవతల నుండి చూసే ఆ దృశ్యం ఈ నగరం మరచిపోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అదే సంచి ఉబ్బి వచ్చేది. టూ-ఇన్-వన్ టేప్ రికార్డరు, పులి బొమ్మ కంబళి, అత్తరు బుడ్లు, ఖర్జూరం, అమ్మీకి తస్బీ, పిల్లలకు చాక్లెట్లు. ఇక్కడ ఒక చేదు మాట చెప్పక తప్పదు. సంచి ఎంత లావుగా ఉంటే మనిషి అంత గొప్పవాడని మనం లెక్క కట్టినాము. "వాడేం తెచ్చిండు?" అని అడిగినాము గాని, "వాడెట్లా ఉన్నడు?" అని అడగలేదు. రెండేండ్లు ఎండలో మాడి, ఒంటి పూట తిని, ఆ కంబళి కొనుటకు ఎన్ని రోజుల కూలి పోసినాడో మనకు తెలియదు. సంచి నింపలేక సెలవుకు రావడమే మానుకున్నవారు ఉన్నారు. ఈ తప్పు ఏజెంటుది కాదు, ఖఫీలుది కాదు. మనది.

సంచి లేని తిరుగు ప్రయాణం

1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైటులో దిగినది. అక్కడి మనవారు రాత్రికి రాత్రి దిక్కులేనివారయినారు. బ్యాంకులు మూతపడినవి. జీతాలు లేవు. ఎడారి దారుల వెంబడి బస్సులలో ఇరాకు దాటి జోర్డాను రాజధాని అమ్మాను చేరినారు. అక్కడి నుండి మన ప్రభుత్వం, ఎయిర్ ఇండియా వారు రెండు నెలల పాటు దాదాపు 488 విమానాలు నడిపి సుమారు 1,70,000 మందిని స్వదేశం చేర్చినారు. పౌర విమానాలతో ఇంతమందిని తరలించడం ప్రపంచంలోనే రికార్డుగా చెప్పబడుచున్నది.

వారిలో మన తెలుగువారు చాలామంది. కాని ఆ ప్రయాణంలో సామాను లేదు. పదేండ్ల సంపాదన అక్కడే విడిచి, ఒంటి మీది బట్టలతో దిగినారు. ఒకరి సంచి ఖాళీగా వచ్చినా ఆ రోజున ఎవరూ "ఏం తెచ్చినవ్?" అని అడగలేదు. మనిషి వచ్చినాడు, అల్‌హమ్దులిల్లాహ్ అన్నారు. 2020లో కరోనా కాలంలో కూడా ఇదే మాట వినిపించినది. మే 7న మొదలైన వందే భారత్ విమానాలలో వేలాది మంది పని పోగొట్టుకొని తిరిగి వచ్చినారు. ఇంత అర్థం కావడానికి యుద్ధాలు, మహమ్మారులు రావాలా అని నా ప్రశ్న.

ఇహ్రాం ఏ సంచిలో?

హజ్ సంగతికి తిరిగి వస్తాను. ఓడలూ, విమానాలూ కొన్నేండ్లు పక్కపక్కనే నడిచినవి. డబ్బున్నవారు విమానంలో, లేనివారు ఓడలో. 1995 నుండి బొంబాయి-జిద్దా ఓడ ప్రయాణం ఆగిపోయినది. అప్పటి నుండి మన హాజీలందరూ ఆకాశ మార్గంలోనే పోతున్నారు.

ఈ మార్పులో దీనీ విషయం ఒకటి ఉన్నది. బొంబాయి నుండి పోవు ఓడ యలమ్‌లమ్ మీఖాత్ ఎదురుగా వచ్చినప్పుడు ఓడలో సైరను మోగించేవారు. హాజీలు తీరికగా స్నానం చేసి ఇహ్రాం కట్టుకునేవారు. విమానం అలా ఆగదు. జిద్దాలో దిగక ముందే మీఖాత్ దాటిపోతుంది. కాబట్టి నేరుగా మక్కాకు పోయేవారు ఇంట్లోనో, హజ్ క్యాంపులోనో ఇహ్రాం ధరించి, విమానంలో నియ్యత్ చేసుకోవాలి. ఇహ్రాం గుడ్డలను పెద్ద సంచిలో పెట్టి కౌంటరులో అప్పగించితే అవి విమానం కడుపులోకి పోతాయి. తరువాత ఏం చేసినా చేతికి రావు. "ఇహ్రాం చేతి సంచిలోనే" అని హజ్ తర్బియతీ క్యాంపులలో పదేపదే చెప్పడానికి కారణం ఇదే.

నాంపల్లి హజ్ హౌస్ దగ్గర హజ్ రోజులలో ఒకసారి నిలబడి చూడండి. వరుసగా పేర్చిన సంచులు, పెట్టెలు. ప్రతిదాని మీద పేరు, కవరు నంబరు పెద్ద అక్షరాలతో. నాటి సందూకు మీద తెల్ల రంగు వ్రాత ఇలా మారినది. చదువు రాని నానీ తన సంచికి ఆకుపచ్చ రిబ్బను కట్టుకుంటుంది. జిద్దాలో వేల సంచుల మధ్య ఆ రిబ్బనే ఆమెకు అక్షరం. 2009 నుండి హాజీలకు కూడా మామూలు అంతర్జాతీయ పాస్‌పోర్టు తప్పనిసరి అయినది. విమాన చార్జీలో ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీని పదేండ్లలో తీసివేయాలని 2012లో సుప్రీం కోర్టు చెప్పినది. 2018లో అది పూర్తిగా ఆగినది. అదే సంవత్సరం నుండి 45 ఏండ్లు దాటిన స్త్రీలు మహ్రం లేకుండా జట్టుగా పోవడానికి వీలు కల్పించినారు. తన సంచి తానే మోసుకొని హజ్ చేసి వచ్చిన తల్లులు నేడు ఉన్నారు.

మక్కాలో నిజాం కాలపు రుబాతులు ఇప్పటికీ ఉన్నవి. పాత హైదరాబాదు సంస్థానం ప్రాంతాల హాజీలలో కొందరికి అక్కడ ఉచిత బస దొరుకుతుంది. మన గోపన్‌పల్లి కూడా ఆ సంస్థానపు నేల కాబట్టి ఆ హక్కు మనకూ కలదు. దరఖాస్తు తేదీలు తెలుసుకొని ఉండండి.

శంషాబాదు దూరం కాదు

2008 మార్చి 22 అర్ధరాత్రితో బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగినవి. 23వ తేదీ నుండి శంషాబాదులో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం పని మొదలు పెట్టినది. అదే సంవత్సరం గచ్చిబౌలి నుండి శంషాబాదుకు ఔటర్ రింగు రోడ్డు తెరుచుకున్నది. మన గోపన్‌పల్లి వారికి విమానాశ్రయం గంటలోపు దారి అయినది. పుష్పక్ బస్సులు నడుస్తున్నవి. ఇరవై మంది సాగనంపే కాలం పోయి, క్యాబు ఎక్కి ఒక్కడే పోయే కాలం వచ్చింది.

ఊరూ మారింది. 1974లో మన పక్కన కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. 1998లో సైబర్ టవర్స్ లేచింది. 2007లో శేరిలింగంపల్లి మహానగరంలో కలిసింది. జొన్న చేలు ఉన్న చోట అద్దాల మేడలు. మన పిల్లలలో ఒకడు వీపున ల్యాప్‌టాపు సంచితో అమెరికా పోతున్నాడు. ఇంకొకడు అదే రాత్రి, అదే టెర్మినల్‌లో, జిప్పు సంచితో రియాదు పోతున్నాడు. ఒకడికి వీడ్కోలు పార్టీ, ఇంకొకడికి అప్పు కాగితం. ఇద్దరూ మన బిడ్డలే. ఈ సంఘం ఇద్దరికీ ఒకే తీరుగా నిలబడాలి.

గుండ్రటి సంచికి చోటు లేదు

ఇప్పుడొక కొత్త సంగతి. నేటి పెద్ద విమానాశ్రయాలలో సామాను మనుషులు మోయరు. మైళ్ల కొద్దీ రబ్బరు పట్టాలు మోస్తాయి. ఆ పట్టాల మీద గుండ్రటి సంచి దొర్లుతుంది, పొడుగాటి పట్టీలు చక్రాలలో ఇరుక్కుంటాయి. అందుకే 2017 మార్చి నుండి దుబాయి విమానాశ్రయం వారు ఒక పక్కైనా చదునుగా లేని సంచులను తీసుకోబోమన్నారు. జిద్దాలో తాళ్లతో కట్టినవి, గుడ్డ మూటలు నిరాకరిస్తున్నారు. పైగా ఒక్క సంచి 32 కిలోలు మించరాదు. అది మోసే కార్మికుని నడుము కాపాడే నియమం, న్యాయమైనదే.

నియమానికి కారణం ఉన్నది, కాదనను. కాని కౌంటరు దగ్గర ఆగిపోయేది ఎవరు? యాభై ఏండ్లుగా ఆ నగరాలను కట్టిన మనిషి సంచే! చక్రాల పెట్టె ఉన్నవాడు నిమిషంలో లోపలికి పోతాడు. మూట కట్టుకున్నవాడు నేల మీద కూర్చొని అందరి ముందూ తన బట్టలు విప్పుకొని మళ్లీ సర్దుకుంటాడు. ఆ అవమానం తప్పించడం మన చేతిలో పని.

మనం చేయవలసినది

దివ్య ఖురాన్‌లో అల్ బఖరా సూరాలో హజ్ ప్రయాణ సామగ్రి ప్రస్తావన ఉన్నది. పూర్వం యమన్ వారు కొందరు తాము దేవుని మీద భారం వేసినామని చెప్పి ఉత్త చేతులతో హజ్‌కు వచ్చి, అక్కడ ఇతరులను యాచించేవారట. ఆ సందర్భంలోనే ఆ ఆదేశం దిగినదని హదీసు వేత్తలు చెప్పినారు. సామగ్రి సిద్ధం చేసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. కాబట్టి కొన్ని మాటలు మనవి చేస్తాను.

ఒకటి, ఇతరులు ఇచ్చిన పొట్లం విప్పి చూడకుండా సంచిలో పెట్టవద్దు. మొహమాటపడి "మా వాడికి ఈ డబ్బా ఇవ్వు బేటా" అన్న మాటకు తల ఊపి జైలు పాలైనవారు ఉన్నారు. మన వంటింటి గసగసాలు కూడా గల్ఫ్ దేశాలలో మత్తు పదార్థం కింద నిషిద్ధం. ఖుర్మాలో వేసుకునే గుప్పెడు గసగసాలు జీవితాన్ని ముంచగలవు. కొన్ని నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు కూడా అంతే. డాక్టరు చీటీ లేనిదే పెట్టవద్దు.

రెండు, పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం నకళ్లు ఇంట్లో ఒక ప్రతి ఉంచి, సంచిలో ఇంకొక ప్రతి పెట్టండి. అనుమతి అవసరమైన పాస్‌పోర్టు ఉన్నవారు 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యోజన కాగితం తప్పక తీసుకోవాలి. అది ఎక్కడ ఉన్నదో ఇంట్లో ఆడవారికి తెలియాలి. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇస్తామని 2024లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వులు ఇచ్చినది. కాగితాలు లేనిదే ఏ సాయమూ అందదు.

మూడు, సంచి పోతే ఏడ్చి ఊరుకోవద్దు. మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరినది. దాని ప్రకారం సామాను దెబ్బతింటే 7 రోజులలో, ఆలస్యంగా అందితే చేతికి వచ్చిన 21 రోజులలో వ్రాతమూలకంగా ఫిర్యాదు చేయాలి. 2024 డిసెంబరు 28 నుండి ఆ ఒప్పందం క్రింద పరిహారం గరిష్ఠ పరిమితి ఒక్కొక్కరికి 1,519 ఎస్.డి.ఆర్. (అవి అంతర్జాతీయ ద్రవ్యనిధి వారి లెక్క యూనిట్లు). విమానాశ్రయం విడవక ముందే కౌంటరులో ఫిర్యాదు వ్రాయించి నకలు తీసుకోండి. సంచికి అంటించిన చీటీ ముక్క పారేయవద్దు. చదువు రానివారికి ఈ ఫిర్యాదు వ్రాసి పెట్టడం మన యువకులకు సదఖాయే.

నాలుగు, మన సంఘం తరఫున ఒక తూకం కాటా, నాలుగైదు చదునైన చక్రాల సంచులు కొని ఉంచితే బాగుంటుంది. మొదటిసారి పోయే పేదవానికో, ఉమ్రాకు పోయే వితంతువుకో ఇచ్చి, తిరిగి వచ్చినప్పుడు తీసుకోవచ్చును. మయ్యత్ సామాను, షాదీ దేగ్చాలు సంఘాలు ఉంచుతున్నప్పుడు ప్రయాణపు సంచి ఎందుకు ఉంచకూడదు? కార్యవర్గం వారు ఆలోచించ ప్రార్థన.

అయిదవది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈ సంవత్సరం మీ ఇంటికి ఎవరైనా పరదేశం నుండి వస్తే, సంచి జిప్పు తీయక ముందు అతనిని కూర్చోబెట్టండి. మంచినీళ్లు ఇవ్వండి. ముఖం చూడండి. అతను ఎంత చిక్కినాడో, ఎన్ని వెంట్రుకలు తెల్లబడినవో చూడండి. సంచి ఎక్కడికీ పోదు.

అటక మీది ఆ పాత సంచిని కూడా పారేయకండి. పిల్లలకు చూపించి, దాని కథ చెప్పండి. అబ్బాజాన్ దీనిని భుజాన వేసుకొని పోయినందుకే మనకు ఈ ఇల్లు నిలిచినదని చెప్పండి. చరిత్ర గోల్కొండ కోటలో మాత్రమే లేదు, మన అటక మీద కూడా ఉన్నది.

ప్రయాణంలో ఉన్న మన వారినందరినీ అల్లాహ్ క్షేమంగా ఇల్లు చేర్చుగాక. హజ్ కోరిక ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ భాగ్యం కలుగజేయుగాక. చిట్టచివరి ప్రయాణానికి ఏ సంచీ అక్కరలేదు. ఆ ప్రయాణపు సామగ్రి మనందరికీ ప్రసాదించుగాక.

ఆమీన్, సుమ్మ ఆమీన్.